ఒకే తేదీ, మూడు నీళ్లు: పవిత్రత ఎవరిని ఆపుతుంది?

(మహాడ్ సత్యాగ్రహ దినం సందర్భంగా విశ్వవిద్యాలయ విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం "వివిధ సమాజాల్లో పవిత్రత". ఇది ఒక సెమిస్టర్‌కు సరిపోయే అంశం. గుళ్లు, మసీదులు, చర్చిలు, కొండలు, చెట్లు, గ్రంథాలు, సమాధులు అన్నీ ఇందులోకి వస్తాయి. అన్నిటి మీదా తలా ఒక మాట చెప్పి కూర్చోవడం నాకు ఇష్టం లేదు. ఈ రోజు మార్చి 20 కాబట్టి నీళ్ల గురించి మాట్లాడతాను.

మార్చి 20 అంటే మనందరికీ 1927 గుర్తొస్తుంది. కొలాబా జిల్లా మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు మెట్లు దిగి దోసిలితో నీళ్లు తాగిన రోజు. ఆయన వెనక వేల మంది దిగి తాగిన రోజు. సరిగ్గా 90 ఏళ్ల తర్వాత, 2017 మార్చి 20న, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు సంఘటనలు జరిగాయి. న్యూజిలాండ్‌లో వాంగనూయి నదిని చట్టం ముందు ఒక వ్యక్తిగా గుర్తించే చట్టానికి ఆ రోజే రాజముద్ర పడింది. మన దేశంలో ఉత్తరాఖండ్ హైకోర్టు అదే రోజు గంగా యమునలను చట్టపరమైన వ్యక్తులుగా ప్రకటించింది. తేదీలు కలవడం కాకతాళీయమే. దాంట్లో దైవసంకల్పం వెతికే అలవాటు మనకు లేదు. కానీ మూడు నీళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, పవిత్రత గురించి పాఠ్యపుస్తకాలు చెప్పని ఒక విషయం కనిపిస్తుంది.

ముందు పాఠ్యపుస్తకం ఏం చెబుతుందో చూద్దాం. సామాజిక శాస్త్రంలో ఈ చర్చ ఎమిల్ దుర్ఖైమ్ దగ్గర మొదలవుతుంది. 1912లో వచ్చిన ఆయన పుస్తకం ప్రకారం ఏ వస్తువూ తనంతట తాను పవిత్రం కాదు. సమాజం దాన్ని మిగతా వాటి నుంచి వేరు చేసి, చుట్టూ నిషేధాలు పెడితే పవిత్రం అవుతుంది. అంటే రాయిలో ఏమీ లేదు, ఉన్నదంతా రాయి చుట్టూ కట్టిన కంచెలో ఉంది. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు: శుద్ధమూ అశుద్ధమూ రెండూ పవిత్రతలోనే రెండు రకాలు, ఒకటి ఇంకొకటిగా మారగలదు. ఇది ఆయనకంటే ముందు రాబర్ట్‌సన్ స్మిత్ చేసిన పరిశీలన. ఆ తర్వాత 1966లో మేరీ డగ్లస్, మురికి అంటే ఉండకూడని చోట ఉన్న వస్తువు అంది. చెప్పు వాకిట్లో ఉంటే మురికి కాదు, భోజనాల బల్ల మీద ఉంటే మురికి. అందమైన సూత్రం. తరగతిలో మొదటిసారి చదివినవాళ్లకు వెంటనే నచ్చుతుంది.

మరి వాడలో పుట్టినవాళ్లకు ఈ సూత్రం చదవగానే ఒక అనుమానం వస్తుంది. ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించింది ఎవరు? చెప్పుకు అభిప్రాయం ఉండదు. మనిషికి ఉంటుంది.

మహాడ్‌కు వెళదాం. బొంబాయి శాసనమండలి 1923 ఆగస్టులో ఎస్.కె. బోలే ప్రతిపాదించిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు అస్పృశ్యులకు కూడా తెరవాలని దాని సారాంశం. మహాడ్ మునిసిపాలిటీ కూడా తన చెరువును తెరుస్తున్నట్టు తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. నీళ్లు తాగడానికి మాత్రం ఎవరూ వెళ్లలేని పరిస్థితి. ఆ చెరువును సవర్ణ హిందువులు వాడేవారు, ముస్లింలు వాడేవారు, పశువులు తాగేవి. మహర్లు, చంభార్లు మాత్రం దిగకూడదు. 1927 మార్చి 19, 20 తేదీల్లో జరిగిన మహాసభ చివర్లో అందరూ ఊరేగింపుగా వెళ్లి నీళ్లు తాగారు. ఆ తర్వాత వీళ్లు వీరేశ్వర ఆలయంలోకి కూడా వస్తారట అన్న పుకారు పుట్టింది. పుకారు పుట్టగానే కర్రలు వచ్చాయి. భోజనాలు చేస్తున్నవాళ్లను, ఇళ్లకు వెళ్తున్నవాళ్లను కొట్టారు.

దాని తర్వాత జరిగింది నా అంశానికి ముఖ్యం. చెరువు మైలపడిందని శుద్ధి చేశారు. 108 కుండల నీళ్లు తోడి, వాటిలో ఆవు పేడ, ఆవు మూత్రం, పాలు, పెరుగు కలిపి, మంత్రాలు చదివి తిరిగి చెరువులో పోశారు. చెరువు పవిత్రమైందని, సవర్ణులు ఇక వాడుకోవచ్చని చెప్పారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. దుర్ఖైమ్ చెప్పినట్టు శుద్ధం అశుద్ధంగా, అశుద్ధం శుద్ధంగా మారడం ఇక్కడ కూడా ఉంది. చెరువు మైలపడింది, మళ్లీ శుద్ధమైంది. పేడ, మూత్రం లాంటి విసర్జన పదార్థాలు శుద్ధిచేసే వస్తువులయ్యాయి. ఆ ఆటలో అన్నీ మారాయి, ఒక్కటి తప్ప. నీళ్లు తాగిన మనిషి మాత్రం మారలేదు. అతన్ని శుద్ధి చేసే కుండల లెక్క ఏ శాస్త్రంలోనూ లేదు. చెరువుకు 108 కుండలు చాలు. మనిషికి ఎన్ని కుండలైనా చాలవు.

బాబాసాహెబ్ 1948లో వచ్చిన "అస్పృశ్యులు" పుస్తకంలో దీన్నే పట్టుకున్నారు. మనం ఆ పుస్తకాన్ని సాధారణంగా గోమాంసం గురించి, బౌద్ధం గురించి, ఓడిపోయి చెదిరిపోయిన మనుషుల సిద్ధాంతం గురించి చదువుతాం. మొదటి అధ్యాయాన్ని గబగబా దాటేస్తాం. నన్నడిగితే తులనాత్మక అధ్యయనం చేసేవాళ్లంతా ముందు చదవాల్సింది అదే. హిందువులు కానివాళ్లలో అంటు ఉందా అని ఆయన అడుగుతారు. ఈజిప్టు, గ్రీసు, రోము, ఆదిమ తెగలు, అన్నిటినీ చూస్తారు. ఉంది అంటారు. పుట్టుక, రజస్వల కావడం, పెళ్లి, చావు లాంటి సందర్భాల్లో మనిషి అంటుపడతాడు. అతన్ని కొన్నాళ్లు విడిగా ఉంచుతారు. నీళ్లో రక్తమో మరొకటో పెట్టి శుద్ధి చేసి మళ్లీ కలుపుకుంటారు. అంటే అంటు అనేది ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. కానీ అది సందర్భానికి వస్తుంది, సందర్భంతో పోతుంది. రెండో అధ్యాయంలో 1935 నాటి ప్రభుత్వ ఉత్తర్వులోని 429 సముదాయాల జాబితా ఇచ్చి, ఇది ఎందుకు వేరో చెబుతారు. ఇక్కడ అంటు పుట్టుకతో వస్తుంది, వంశంతో నడుస్తుంది, దానికి శుద్ధి లేదు, దానికి విడిగా ఒక నివాసస్థలం కూడా కేటాయించారు. వెలివాడ అంటే అదే. మిగతా ప్రపంచం అంటుకు రోజులు లెక్కపెడితే, మనవాళ్లు దానికి భూమి కొలిచి ఇచ్చారు.

ఈ తేడా తెలుగు మాటల్లోనే ఉంది. తెలుగులో మనకు పవిత్రత అనేది సంస్కృతం నుంచి వచ్చిన, పండగ పూట వాడే మాట. ఇంట్లో నడిచేవి మడి, మైల, అంటు, ముట్టు, పురుడు. ఇంట్లో బిడ్డ పుడితే పురుడు, పదో పదకొండో రోజుకు స్నానంతో పోతుంది. చావు మైల కూడా అంతే, దినాలు అయ్యాక పోతుంది. ముట్టు కొన్ని రోజులు, అది ఆడవాళ్ల మీద పడ్డ భారం, దాని గురించి మళ్లీ మాట్లాడతాను. ఈ మాటలన్నిటికీ ఒక గడువు ఉంది. "అంటరాని" అన్న మాటకు గడువు లేదు. వ్యాకరణంలోనే అది మనిషికి అతికించిన శాశ్వత విశేషణం. ఇంకో చిన్న సంగతి. పూజకు కట్టుకునేది మడి, వరి పండే చెక్క కూడా మడే. ఈ రెండు మాటల మూలం ఒకటో కాదో భాషాశాస్త్రవేత్తలు చెప్పాలి. నాకు మాత్రం, వరిమడిలో నడుము వంచి నాటు వేసిన చేతిని మడి కట్టుకున్న ఇంట్లోకి రానివ్వకపోవడం, ఆ మడిలో పండిన బియ్యాన్ని మాత్రం నైవేద్యం పెట్టడం, ఈ భాష తెలియకుండానే చేసిన వెటకారంలా అనిపిస్తుంది.

జానపద సంప్రదాయాల్లో వేరే పవిత్రత ఉంది కదా, అక్కడ మనవాళ్లకు గౌరవం ఉంది కదా అని కొందరు మిత్రులు అంటారు. మాతంగి ఉదాహరణ ఇస్తారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన సంపుటాల్లోనే ఆమె ప్రస్తావన ఉంది. జాతర రోజున మాదిగ స్త్రీ అయిన మాతంగి పెద్దకులాల వాళ్ల మీద ఉమ్మేది, వాళ్లను తిట్టేది, వాళ్లు దాన్ని ఆశీర్వాదంలా తీసుకునేవారు. ఆ రోజు ఆమె ఎంగిలి పవిత్రం. ఈ సంప్రదాయంలో ఒక ధిక్కారం ఉంది, ఆ జ్ఞాపకాన్ని పారేయమని నేను అనను. కానీ జాతర అయిన మరునాడు అదే స్త్రీ ఊరి బావిలో చేద వేయగలదా? వేయలేదు. ఏడాదికి ఒక రోజు పవిత్రమై, మిగతా రోజులన్నీ అంటరానిదిగా ఉండటాన్ని గౌరవం అనడం నాకు కష్టం. దేవత పేరుతో దళిత ఆడపిల్లలను జోగినీలుగా వదిలే ఆచారం కూడా పవిత్రత పేరుతోనే నడిచింది. దాన్ని ఆపడానికి 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేయాల్సి వచ్చింది. దేవుడికిచ్చిన పిల్ల ఊళ్లో ఎవరి వశమైందో మనకు తెలుసు.

ఇప్పుడు వాంగనూయి. మావోరీ భాషలో "తపు" అనే మాట ఉంది. దాని దాయాది మాటనే కెప్టెన్ కుక్ 1777లో టోంగా దీవుల్లో విని ఇంగ్లీషులోకి తీసుకెళ్లాడు. ఈ రోజు ప్రపంచమంతా వాడే "టాబూ" అదే. తపు అంటే వేరు చేసినది, జోలికి పోకూడనిది. దానికి ఎదురుగా "నోవా" అంటే మామూలుది, స్వేచ్ఛగా వాడుకోదగినది. వాంగనూయి తెగలకు ఆ నది తాతముత్తాత లాంటిది. నదికీ తమకూ మధ్య గీత లేదని వాళ్ల నమ్మకం. వలస ప్రభుత్వం వచ్చి ఆవిరి పడవల కోసం నదీ మార్గాన్ని పేల్చింది, చేపలు పట్టే కట్టడాలను పీకేసింది, కంకర తవ్వుకుంది, తర్వాత విద్యుత్ పథకానికి పైనుంచి నీళ్లు మళ్లించింది. పంతొమ్మిదో శతాబ్దంలోనే తెగల పిటిషన్లు మొదలయ్యాయి, 1938 నుంచి కోర్టుల్లో నడిచాయి. 2017 చట్టంలో ప్రభుత్వం తన తప్పులు ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. 8 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల పరిహారం ఇచ్చింది. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరు ప్రతినిధులను పెట్టింది, ఒకరు ప్రభుత్వం వైపు నుంచి, ఒకరు తెగల వైపు నుంచి.

ఇక్కడ మనం కూడా జాగ్రత్తగా ఉండాలి. మావోరీ సమాజం సమానత్వపు స్వర్గమేమీ కాదు. పెద్దనాయకుడికి తపు ఎక్కువ, యుద్ధంలో పట్టుబడి బానిస అయినవాడికి అది పోయినట్టే లెక్క. మూలవాసుల పవిత్రత కాబట్టి అంతా మంచిదే అనే ఒక ఫ్యాషన్ మన విశ్వవిద్యాలయాల్లో ఉంది. దానికి నేను దూరం. నేను చూసేది ఒక్కటే. 2017 చట్టంలో పవిత్రత అనే మాట ఎవరి చేతులు కట్టింది? ప్రభుత్వం చేతులు. పోగొట్టుకున్నవాళ్లు మాట్లాడారు, లాక్కున్నవాళ్లు తప్పు ఒప్పుకున్నారు.

ఆస్ట్రేలియాలోని ఉలూరు రాతికొండ కూడా ఇదే కోవ. 1985 అక్టోబర్ 26న ఆ భూమిని అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చారు. కొండ ఎక్కొద్దని వాళ్లు అడుగుతూనే ఉన్నారు, పర్యాటకులు ఎక్కుతూనే ఉన్నారు. చివరికి 2019 అక్టోబర్ 26న ఎక్కడం పూర్తిగా ఆపేశారు. మన పక్కనే ఒడిశాలో నియంగిరి. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ మీద డోంగ్రియా కొంధుల మతహక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. ఆ ఏడాదే 12 గ్రామసభలూ వేదాంత బాక్సైట్ తవ్వకాన్ని కాదన్నాయి. నియంరాజా కొలువుండే కొండ అన్న మాట ఒక పెద్ద కంపెనీని ఆపింది.

ఉత్తరాఖండ్ తీర్పు చూడండి. పైకి వాంగనూయి లాగే ఉంది. తీర్పులో హిందువుల విశ్వాసం ఉంది, గంగా యమునలు పవిత్రం అన్న మాట ఉంది, మన న్యాయవ్యవస్థలో విగ్రహాన్ని వ్యక్తిగా చూసే పాత పద్ధతి ఉంది. నదులకు తల్లిదండ్రుల స్థానంలో ఎవరిని పెట్టారు? నమామి గంగే డైరెక్టర్‌ను, రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని, అడ్వకేట్ జనరల్‌ను. పడవ నడిపే నిషాదులు లేరు. కాటిలో శవాలు కాల్చే డోములు లేరు. నదిలోకి పోయే నగరాల మురుగును చేతులతో ఎత్తే పారిశుధ్య కార్మికులు లేరు. నది మీద బతికేవాళ్లలో ఒక్కరూ నది తరఫున మాట్లాడేవాళ్లలో లేరు. 2017 జూలై 7న సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది, బాధ్యతల చిక్కులు వస్తాయని రాష్ట్ర ప్రభుత్వమే అడిగింది. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు. రెండేళ్ల తర్వాత, 2019 ఫిబ్రవరి 24న ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి అయిదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్లు కడిగారు. ఫొటోలు దేశమంతా చూసింది. మాతంగి ఎంగిలి లాగే ఇది కూడా ఒక రోజు పవిత్రత. మురుగు గుంటలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో, దాన్ని 30 లక్షలకు పెంచాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మనుషులను మురుగులోకి దించకూడదన్న చట్టం 2013 నుంచే ఉంది. కాళ్లు కడగడానికి ఒక పళ్లెం, ఒక చెంబు చాలు. ఆ చట్టం అమలు కావాలంటే యంత్రాలు కొనాలి, కాంట్రాక్టర్లను జైల్లో పెట్టాలి.

ఈ ఉదాహరణలన్నీ ఎందుకు చెప్పానంటే, బాబాసాహెబ్ చివరి పుస్తకంలో దీనికి ఒక సూత్రం ఉంది. 1957లో, ఆయన మరణం తర్వాత వచ్చిన "బుద్ధుడు, ఆయన ధమ్మం" నాలుగో భాగంలో నీతి గురించిన అధ్యాయం చూడండి. ప్రతి సమాజంలోనూ కొన్ని పవిత్రమైనవి, కొన్ని కానివి ఉంటాయని ఆయన దుర్ఖైమ్ లాగే మొదలుపెడతారు. తర్వాత దుర్ఖైమ్ వేయని ప్రశ్న వేస్తారు. నీతిని పవిత్రం చేయాల్సిన అవసరం ఎందుకు వచ్చింది? ఆయన జవాబు నా మాటల్లో ఇది: బతుకు పోరాటాన్ని దాని మానాన వదిలేస్తే బలవంతుడే మిగులుతాడు. బలహీనుడు మంచివాడైనా, సమాజానికి అవసరమైనవాడైనా మిగలడు. అతన్ని కాపాడాలంటే బలవంతుడి మీద నిషేధం పెట్టాలి. బలవంతుడు మామూలు మాట వినడు కాబట్టి ఆ నిషేధాన్ని పవిత్రం చేయాల్సి వచ్చింది. అదే చోట ఇంకో మాట కూడా అంటారు. దొంగల్లో కూడా తమలో తాము పాటించే నీతి ఉంటుంది, వ్యాపారుల్లో ఉంటుంది, కులస్థుల్లో ఉంటుంది. గుంపు లోపలే నడిచే ఆ నీతి బయటివాళ్లకు శత్రువు. అందుకే పవిత్రంగా ఉండటం ఒక్కటే చాలదు, నీతి అందరికీ వర్తించాలి. ఆ అందరికీ వర్తించే నీతికి ఇంకో పేరు సోదరభావం.

దీన్ని బట్టి మనకు ఒక కొలబద్ద దొరుకుతుంది. ఎక్కడైనా "ఇది పవిత్రం" అన్న మాట వినపడితే, ఆ నిషేధం ఎవరి మీద పడుతోందో చూడాలి. ఉలూరులో, నియంగిరిలో, వాంగనూయిలో బలవంతుడి మీద పడింది. మహాడ్‌లో దాహం వేసినవాడి మీద పడింది. దుర్ఖైమ్‌కు ఈ రెండూ ఒకే వర్గంలోకి వస్తాయి, రెండింటి చుట్టూ కంచె ఉంది కాబట్టి. బాబాసాహెబ్‌కు అవి రెండు వ్యతిరేక విషయాలు. మొదటిది పవిత్రత పుట్టిన కారణాన్ని నిలబెడుతుంది, రెండోది ఆ కారణాన్నే తలకిందులు చేస్తుంది.

ఈ కొలబద్దతో అన్నీ తేలిపోవు. అనంగుల్లో మగవాళ్లు పోకూడని చోట్లు ఉన్నాయి, ఆడవాళ్లు పోకూడని చోట్లు ఉన్నాయి. వాటిని బయట నుంచి తూచడం అంత సులువు కాదు. శబరిమల మాత్రం నాకు సులువే. 2018 సెప్టెంబర్ 28 తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ ఆడవాళ్ల మీద ఆ నిషేధాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దుచేసిన అస్పృశ్యతతో ముడిపెట్టారు. 2019 జనవరి 2న ఇద్దరు స్త్రీలు లోపలికి వెళ్లి వచ్చారు. వెంటనే గుడి మూసి శుద్ధి చేశారు. 92 ఏళ్లలో కుండల సంఖ్య మారి ఉండొచ్చు. ముట్టు అనే తాత్కాలిక మైలను ఒక వయసు మొత్తానికి సాగదీస్తే అది అంటరానితనపు తర్కమే అవుతుంది. మన తెలుగు జిల్లాల నుంచి ప్రతి ఏడాదీ మాల వేసుకుని వెళ్లేవాళ్లలో దళిత యువకులు చాలామంది ఉన్నారు. వాళ్లతో ఈ చర్చ మనం చేయాలి, ఎగతాళి చేయకుండా.

ఇక కారంచేడు. మహాడ్ గురించి మాట్లాడి కారంచేడు గురించి మాట్లాడకపోతే తెలుగు నేల మీద ఈ ప్రసంగానికి అర్థం లేదు. 1985 జూలై 16 సాయంత్రం. మాదిగలు మంచినీళ్లకు వాడుకునే చెరువు. ఒక కమ్మ యువకుడి గేదెల కుడితి మురికి ఆ నీళ్లలో కలుస్తుంటే ఒక మాదిగ యువకుడు వద్దన్నాడు. అతన్ని కొట్టబోతే నీళ్లకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి అడ్డం పెట్టింది. అంతే జరిగింది. మరునాడు 17న మాదిగపల్లె మీద దాడి. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తి తలదాచుకున్నారు. దళిత మహాసభ అక్కడి నుంచి పుట్టింది.

మహాడ్‌లో మనం నీళ్లు ముట్టుకుంటే నీళ్లు పాడైపోయాయి. కారంచేడులో వాళ్లు మురికి కలిపినా మన నీళ్లు పాడుకాలేదు. పాడయ్యాయని చెప్పడమే నేరమైంది. 1966లోనే వచ్చిన లూయీ ద్యుమో పుస్తకం కులాన్ని శుద్ధం, అశుద్ధం అనే జంట మీద నిలబెట్టింది. కారంచేడును ఆ జంట వివరించలేదు. అక్కడ శుద్ధి కోసం ఎవరూ చంపలేదు. మురికి కిందికి పారినప్పుడు దాన్ని మురికి అనే హక్కు కిందివాళ్లకు ఉందా లేదా, గొడవ దాని మీద. మేరీ డగ్లస్ భాషలో చెప్పాలంటే, ఉండకూడని చోట ఉన్న వస్తువు ఆ కుడితి. దాన్ని ఎత్తిచూపిన మనిషినే ఉండకూడని చోట ఉన్న వస్తువుగా చూశారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో, ఎస్సీ ఎస్టీలు వాడుకునే నీటి వనరును పాడుచేయడం నేరమని ఒక క్లాజు ఉంది. ఆ క్లాజు చదివినప్పుడల్లా నాకు ఆ బిందె కనిపిస్తుంది. మన నీళ్ల జోలికి రావొద్దని బలవంతుడికి చెప్పే నిషేధం ఈ దేశపు చట్టంలో అలా చోటు సంపాదించుకుంది. మంత్రం లేదు, ఆవు పేడ లేదు. బాబాసాహెబ్ చెప్పిన అర్థంలో నాకు పవిత్రమైన వాక్యం అంటే అది.

మహాడ్ వ్యాజ్యం కూడా ఇలాగే ముగిసింది. 1927 డిసెంబర్‌లో రెండోసారి చెరువుకు వెళ్లకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చారు. ఆ డిసెంబర్ 25న మనుస్మృతి దహనం జరిగింది. ఆ సభలో బాబాసాహెబ్, ఈ నీళ్లలో అమృతం ఉందని రాలేదని, మేమూ మనుషులమేనని చెప్పడానికి వచ్చామనే అర్థంలో మాట్లాడారు. 1789 నాటి ఫ్రెంచి జాతీయ సభతో ఆ సభను పోల్చారు. చెరువుకు ఇంకో పవిత్రతను ఆయన అంటగట్టలేదు. పదేళ్ల తర్వాత 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు, అస్పృశ్యులను దూరం పెట్టడం అనాదిగా వస్తున్న ఆచారమని వాదులు నిరూపించలేకపోయారని తేల్చింది. అనాది అనుకున్నదానికి సాక్ష్యం దొరకలేదు.

చివరిగా మన ఇంటి సంగతి. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బాబాసాహెబ్ 125 అడుగుల విగ్రహాలు లేచాయి, హైదరాబాద్‌లో 2023లో, విజయవాడలో 2024లో. సంతోషమే. ప్రతి ఊళ్లో విగ్రహం ఉంది, అది ఉన్నచోట ఊరి మధ్యలో మనం నిలబడే హక్కు ఉంది, అందుకే దాన్ని పగలగొట్టేవాళ్లు ఉన్నారు. అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ విగ్రహానికి, ఆ చిత్రపటానికి పాలాభిషేకాలు చేస్తున్నారు. ఏదో ఒక జీవో వచ్చినప్పుడు, ఏదో ఒక పదవి వచ్చినప్పుడు, క్యాన్లతో పాలు తెచ్చి పోస్తున్నారు. అవతలి పార్టీ నాయకుడు దండ వేసి వెళ్లాక విగ్రహాన్ని పాలతో శుద్ధి చేసిన వార్తలు కూడా చదివాం. మహాడ్ చెరువులో పోసిన 108 కుండల్లో ఏమేం ఉన్నాయో ఇందాక చెప్పాను. వాటిలో పాలు కూడా ఉన్నాయి. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ రాజకీయాల్లో భక్తి పతనానికి దారి అని హెచ్చరించిన మనిషి మీద ఆ పాలు పోస్తున్నాం.

మనకు పవిత్ర స్థలాలే వద్దని నేను అనడం లేదు. డిసెంబర్ 6న దాదర్ చైత్యభూమికి వెళ్లినవాళ్లు ఈ గదిలో ఉన్నారు. లక్షల మంది వరుసలో నిలబడతారు. ఏ కులమని అడిగే మనిషి గుమ్మంలో ఉండడు. ముట్టు వచ్చిందా అని అడగరు. మధ్యలో పూజారి లేడు. బయటికి వచ్చి పుస్తకాల దుకాణాల ముందు కూర్చుని, నెల జీతంలోంచి దాచిన డబ్బుతో సంపుటాలు కొనుక్కుని, సంచిలో పెట్టుకుని రైలెక్కుతారు. నాగపూర్ దీక్షాభూమిలోనూ అంతే. అక్కడ కంచె ఎవరి మీదా పడటం లేదు. పాలాభిషేకం దగ్గర మాత్రం శుద్ధి ఉంది, శుద్ధి ఉన్నచోట మైల ఉంటుంది, మైలపరిచినవాడు ఒకడు ఉండాలి. వాడి కోసం మన చూపు ఎటు తిరుగుతుందో, మాల మాదిగల మధ్య, దళితుల్లోనే ఇంకా కింద ఉంచిన ఉపకులాల మధ్య, ఎవరి విగ్రహాన్ని ఎవరు ముట్టుకోవాలి అన్న తగాదాల్లో, మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ తగాదాల మీద మీరు చూసినవి, విన్నవి చెప్పండి, వాటి నుంచే చర్చ మొదలుపెడదాం. నా సమయం అయిపోయింది.

జై భీమ్.